వెల్తురు కట్టె

పంతొమ్మిది గంటలైంది కరెంటు పోయి.
ఫ్రిజ్జులో మిగిలిన ఒకే ఒక్క కోడితొడ
ఇవాళ తింటారా, రేపు పారేస్తారా అన్నట్టు
మెల్లగా వాసన మొదలెట్టింది.

ఒల్గిన్ ఊళ్ళో, ఐదంతస్తుల సిమెంటు భవనం ముందు,
ఎవెలియో పొయ్యి దించాడు.
దించాడంటే నిజంగానే, నాలుగో అంతస్తు నుంచి,
మెట్టుమెట్టుకీ ఠంగుమనిపిస్తూ.

ఒకప్పుడది బట్టలుతికే మిషను కడుపు.
సోవియట్ల కాలంలో ఓడెక్కి క్యూబా వచ్చి
ఆ ఇంటి చొక్కాలన్నీ తిప్పి తిప్పి
మోటారు కాలి చచ్చింది.
డొల్ల మిగిలింది. ఒళ్ళంతా చిల్లులు.
నీళ్ళు పోవడానికి పెట్టిన చిల్లులు
గాలి రావడానికి పనికొచ్చాయి.
కాళ్ళకి మూడు ఇనపకడ్డీలు,
మోయడానికో బకెట్టు పిడి.

ముప్పయ్యొక్క ఏళ్ళు లైన్‌మన్ పని చేశాడతను.
మూలస్తంభం మీద వేలాడే ఆ తీగ
తను బిగించిందేనట.
పుల్లతో చూపిస్తాడు:
"దానిలో తప్పేం లేదు,
దానిలోకి రావాల్సిందే రావట్లేదు."

పుల్లలు మరబూవి. ముళ్ళకంప.
పంచదార మిల్లులు మూతపడ్డాక
చెరకుతోటలు తనవే అనుకుంది.
గొడ్డలి మొద్దుబారుతుంది గాని కట్టె లొంగదు.
ఒకసారి అంటుకుందా, రాత్రంతా నిప్పే.

ఎండుకాయ చూసి గుర్తుపట్టాను నేను.
మా మెట్టచేల గట్ల మీద
మేకలు ఎగబడి తినే మెలికల కాయ.
వెల్తురు చెట్టంటాం.
నాకొచ్చిన కాస్త స్పానిష్‌లో చెప్పాను ఎవెలియోకి:
మా భాషలో దీని పేరు, దాదాపుగా, లైటు.
అతను నవ్వలేదు.
"బిల్లెవరు కడతారు?" అన్నాడు.

మూడో అంతస్తు ఒనెలియా నల్లచిక్కుడు గింజలు తెచ్చింది,
పొద్దున్నించీ నానినవి.
కోడితొడ కూడా వాటిలోకే వెళ్ళింది.
పై అంతస్తు నించి జీలకర్ర పొట్లం ఒకటి
తాడు కట్టిన బుట్టలో దిగింది.
యైలెన్ అనే తొమ్మిదేళ్ళది అట్టముక్క పట్టుకుని
పొయ్యిని విసురుతోందో తనకే విసురుకుంటోందో తెలీదు.
ముందు ఎవరో పసిబిడ్డకి పాలు, తర్వాత కాఫీ,
చిక్కుళ్ళు చివర, వాటికి తొందర ఉండదు గనక.

నా కళ్ళనిండా పొగ.
ఎటు జరిగితే అటే వస్తోంది.
కొత్తవాళ్ళంటే దానికిష్టం, అంది ఒనెలియా.

ఎనిమిదిన్నరకి
ఊరు ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది.
ఏమనో ఎవర్నీ అడగక్కర్లేదు,
చిన్నప్పుడు మా వీధి అరిచిందీ అదే:
వచ్చిందీ!
మెట్ల మీద చెప్పుల పరుగు.
మోటారు వెయ్యి, ఫోను పెట్టు, కుక్కరు నొక్కు,
ఎవరిదో రేడియో మధ్యలోంచి మాట అందుకుంది.
పొయ్యి దగ్గర ఎవెలియో, నేను.
అతను తలెత్తలేదు. ఒక కట్టె లోపలికి తోశాడు.
"ఇంకో అరగంట," అన్నాడు.
చిక్కుళ్ళ గురించి.

పద్నాలుగు నిమిషాలు.
ఆ తర్వాత, పైన చీకట్లో,
ఫ్యాను రెక్కలు మాత్రం కాసేపు తిరిగుంటాయి.

ఈసారి ఎవరూ అరవలేదు.
ఒక్కొక్కరే కంచాలతో దిగొచ్చారు.
ఒనెలియా వస్తూనే గుప్పిట్లో ఉప్పు తెచ్చి వేసింది.
అంతకుముందే ఎవెలియో వేశాడు, నేను చూశాను.
చెప్పేలోపు గరిటె తిరిగిపోయింది.

డొల్ల చిల్లుల్లోంచి ఎర్రటి చుక్కలు
అందరి మోకాళ్ళ మీద.
మొదటి చెంచా. ఎవరూ మాట్లాడరే!
చివరికి యైలెనే అంది: ఉప్పు.
అప్పుడందరూ దగ్గుతూ, నవ్వుతూ,
నువ్వంటే నువ్వని.

ఫర్లేదన్నారెవరో.
మోటారు తిరిగిన ఆ కాసేపట్లో
రెండు బకెట్లు నిండాయి.
ఉన్న ఒక్క గ్లాసూ
చేతులు మారుతూ నా దాకా వచ్చింది.